పాత చొక్కా తొడుక్కున్న కొత్త ఆటగాడు

పోయిన నెల ఈ శీర్షికలో అగ్గిపెట్టె లేబుళ్ళ గురించి రాస్తూ, మాటవరసకు నా బీరువాలో బేస్‌బాల్ కార్డులు, అంటే ఆటగాళ్ళ బొమ్మలతో ప్యాకెట్లలో అమ్మే చిన్న అట్టముక్కలు, కూడా రెండు అరల నిండా ఉన్నాయన్నాను. ఆ ఒక్క ముక్కకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాటికే. కొత్త పాఠకుల కోసం ఒక మాట: నేను విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్లేట్లు చేసేవాడిని. 1996లో న్యూజెర్సీ వచ్చి, అట్టపెట్టెలు అచ్చువేసే కర్మాగారంలో ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. బేస్‌బాల్ ఆట నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. అచ్చు మాత్రం అర్థమవుతుంది. జవాబులు ఆ కంటితో రాసినవే.

*మా అబ్బాయికి పదకొండేళ్ళు. పుట్టినరోజుకు బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్లు కొనిపెట్టాం. ఆటగాళ్ళేమో ఇప్పటివాళ్ళు. కార్డులు మాత్రం మా చిన్నప్పటి సినిమా పోస్టర్లలా ఉన్నాయి. చుట్టూ రెండు రంగుల అంచు, వెనక బూడిదరంగు అట్ట. గుంటూరు నుంచి వచ్చిన మా మామగారు చూసి "పాత సరుకు అంటగట్టారమ్మా" అన్నారు. నిజంగా మోసపోయామా అంకుల్?*
— ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

మోసం కాదమ్మా. మామగారి కన్ను మాత్రం మంచి కన్ను. చూసినవాళ్ళు అలా అనుకోవాలనే ఆ కార్డును అలా చేశారు. ఆయనే బోల్తా పడ్డారంటే చేసినవాళ్ళ పని ఫలించినట్టే.

అవి టాప్స్ సంస్థ వేసే హెరిటేజ్ కార్డులు. రెండు రంగుల అంచు అంటున్నారు కాబట్టి 2024వి అయి ఉండాలి. అది 1975లో అదే సంస్థ వేసిన కార్డుల నమూనా. లెక్క తేలిక. హెరిటేజ్ కార్డు సంవత్సరంలోంచి 49 తీసేస్తే అసలు నమూనా ఏ ఏటిదో తెలుస్తుంది. మొదటి హెరిటేజ్ సెట్టు 2001లో 1952 నమూనాతో వచ్చింది, మరుసటేడు 1953, ఆ తర్వాత 1954, అలా 2025లో 1976. ఒక్క ఏడూ తప్పలేదు. మా ఇంట్లో సంక్రాంతి ఏ రోజన్నది ఏటా తగువే గానీ, దీని గురించి ఎవరికీ సందేహం రాదు.

ఎందుకు మొదలైందంటారా? 1980ల చివర, 90ల మొదట్లో అమెరికాలో ఈ కార్డులను ఇష్టం వచ్చినట్టు అచ్చువేసి గుట్టలు పోశారు. అటకమీద దాచుకుంటే పిల్లల కాలేజీ ఫీజుకు వస్తాయనుకున్నవాళ్ళకు చిత్తుకాగితాల ధర కూడా రాలేదు. 1994లో ఆటగాళ్ళ సమ్మె వల్ల ఆ ఏటి వరల్డ్ సిరీసే, అంటే సీజను చివర విజేతను తేల్చే పోటీయే, రద్దయింది. ఈలోగా కార్డులు పెళ్ళి శుభలేఖల్లా తయారయ్యాయి. ఎటు తిప్పినా బంగారు రేకు, మెరుపు. ఆ మెరుపుకు మొహం మొత్తినవాళ్ళే చిన్నప్పుడు జేబులో పెట్టుకుని తిరిగిన మోటు అట్టముక్క కోసం వెనక్కి చూశారు.

నాకు మొదటి ప్యాకెట్టు ఇచ్చింది మా కర్మాగారంలో రాత్రి షిఫ్టు మెషిన్ నడిపే పెద్దాయన. 2001 వసంతం. భోజనాల వేళ నా పెరుగన్నం డబ్బా పక్కన ఒక కార్డు పెట్టి, ఇది ఎప్పటిదో చెప్పు చూద్దాం అన్నాడు. నేను జేబులోంచి లూపు, అంటే కంటికి ఆనించి అచ్చు చూసే చిన్న భూతద్దం, తీశాను. కంసాలికి త్రాసు ఎలాంటిదో ప్రెస్సువాడికి లూపు అలాంటిది. అచ్చు బొమ్మ సిరా చుక్కలతోనే ఏర్పడుతుంది; ఆ చుక్కలు చూసి "కొత్తదే" అన్నాను. ఆయన నవ్వి, కార్డు తిప్పి వెనక వైపు చూపించి, ఆ తర్వాత అదే నంబరు కార్డు ఇంకొకటి తీశాడు. ఒకదాని వెనక అచ్చు ఎర్ర సిరాతో ఉంది, రెండోదానిది నల్ల సిరాతో. 1952లో మొదటి 80 కార్డులకు రెండు రకాల సిరా వాడారట. యాభై ఏళ్ళు గడిచాక కూర్చుని ఆ తేడాను కూడా అచ్చుగుద్దారు, అవే 80 కార్డులకు. ఆటగాడి బొమ్మను పోలినట్టు వేయడం ఎవరైనా చేస్తారు. ఒక ప్రెస్సులో ఎప్పుడో మారిన సిరా డబ్బాను కూడా గుర్తుపెట్టుకుని మళ్ళీ మార్చడం చూసి నేను పడిపోయాను. అప్పటికి నాకు బంతి విసిరే పిచ్చర్ ఎవరో, దాన్ని పట్టుకునే క్యాచర్ ఎవరో కూడా సరిగా తెలియదు.

మీరొక పని చేయండి. 1975 నాటి అసలు కార్డు ఒకటి, పేరున్న ఆటగాడిది అక్కర్లేదు, ఎవరో మామూలు ఆటగాడిది, కొనండి. ఒకటి రెండు డాలర్లకు దొరుకుతుంది. దాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి మీవాడి చేతికి పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం ఇవ్వండి. పాతదానిలో చుక్కలు ఆవగింజల్లా విడివిడిగా కనిపిస్తాయి. కొత్తదానిలో బొంబాయి రవ్వలా ఉంటాయి. పాతవాటిలో కొన్నిటికి రంగు పక్కకు జరిగి, ఆటగాడి చెవి వెనక పసుపు రంగు చెవి ఇంకొకటి మొలుస్తుంది. ప్రెస్సులో దీన్ని రిజిస్టర్ తప్పడం అంటాం. నా పాత యజమాని చూస్తే షీటు మొత్తం చింపేసేవాడు. మీవాడు మాత్రం ఆ రెండో చెవిని చూసి గంటసేపు వదలడు.

కార్డు వెనక ఆకుపచ్చ, ఎరుపు సిరాలతో ఒక చిన్న కార్టూను, ఒక ప్రశ్న ఉంటాయి. మామగారి చేత అవి చదివించండి. నాకు హెరిటేజ్‌లో నచ్చనిది ఒకటే. బ్యాటు భుజాన వేసుకుని ఖాళీ మైదానం ముందు నిలబడే ఆ పాత భంగిమల్నే పెడతారు గానీ, ఫొటో మరీ స్పష్టంగా ఉంటుంది. గడ్డం వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. 1975లో ఎవరికీ అన్ని వెంట్రుకలు లేవు.

*మాస్టారూ, మా బావగారు అమెరికా నుంచి తిరిగి వచ్చేస్తూ తెచ్చిన సామాన్లలో మికీ మాంటిల్ 1952 కార్డు ఒకటి దొరికింది. ఇది 100 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయిందని చదివాం. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. బ్యాంకు లాకరు తీసుకోమంటారా?*
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

ముందు స్కేలు తీసుకోండి. లాకరు సంగతి తర్వాత.

చదివింది నిజమే. మాంటిల్ పేరుమోసిన బేస్‌బాల్ ఆటగాడు. ఆ సెట్టులో 311వ నంబరైన అతని కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు వేలంలో పోయింది. అప్పటి మారకంలో మీరన్నట్టు దాదాపు 100 కోట్లే. అయితే అది అంచు నలగకుండా డెబ్భై ఏళ్ళు బతికిన కార్డు. 1952 సెట్టును తయారుచేసినవాడు సై బెర్గర్ అనే టాప్స్ ఉద్యోగి. బ్రూక్లిన్‌లోని తన ఇంట్లో వంటింటి బల్ల దగ్గర కత్తెర, అట్టలు పెట్టుకుని వుడీ గెల్మన్ అనే సహోద్యోగితో కలిసి చేశాడు. మాంటిల్ ఉన్న చివరి విడత ఆలస్యంగా వచ్చింది. అప్పటికి పిల్లల చూపు ఫుట్‌బాల్ వైపు మళ్ళింది. అమ్ముడుపోని పెట్టెలు ఏళ్ళ తరబడి గోదాములో పడి ఉంటే, 1960లో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని బెర్గరే చెప్పేవాడు. ప్రెస్సులో పనిచేసినవాడిగా ఆ మాట వింటే నాకు కడుపులో దేవుతుంది.

ఇక మీ కార్డు. 1952 అసలు కార్డు ఇప్పటివాటికన్నా పెద్దది. దాదాపు 67 మిల్లీమీటర్ల వెడల్పు, 95 మిల్లీమీటర్ల ఎత్తు. టాప్స్ 1957 నుంచి వాడుతున్న సైజు 64, 89. మీ కార్డు ఈ రెండో కొలతకు సరిపోతే అది అసలుది కాదు. బహుశా 1983లో టాప్స్ వారే వేసిన రీప్రింట్ అయి ఉంటుంది. వెనక రీప్రింట్ అని అచ్చువేసి ఉంటుంది కూడా, చదవండి. అసలు సెట్టులో 407 కార్డులుంటే రీప్రింట్‌లో 402 మాత్రమే ఉన్నాయి. అయిదుగురు ఆటగాళ్ళ కార్డులు అందులో లేవు.

ఒకవేళ సైజు సరిపోయినా సంబరపడకండి. దొంగ కార్డుల వాళ్ళకూ స్కేలు ఉంటుంది. అప్పుడు లూపుతో ఆటగాడి పేరు చూడండి. అసలు కార్డులో బొమ్మ చుక్కలతో ఉంటుంది, గీతలూ అక్షరాలూ నిండు సిరాతో, వాటి ప్లేటు వేరు కాబట్టి, కత్తితో కోసినట్టు ఉంటాయి. కార్డు మొత్తాన్ని స్కాన్ చేసి వేసిన నకలులో నల్లగీత కూడా రంగురంగుల చుక్కలుగా విడిపోతుంది. నేను విజయవాడలో దేవుడి క్యాలెండర్ల దొంగ అచ్చులను ఇలాగే పట్టుకునేవాడిని. లక్ష్మీదేవి చేతిలోని నాణేల అంచు చూస్తే చాలు.

మీ కార్డు రీప్రింటే అయితే బావగారిని ఏమీ అనకండి. దానికి ఫ్రేము కట్టించండి. చూడటానికి అందంగానే ఉంటుంది.

*ప్యాకెట్టులో బబుల్ గమ్ ఎందుకు ఇవ్వడం లేదు?*
— ఒక పాఠకుడు, చికాగో

గమ్ వల్ల దానికి ఆనుకున్న కార్డు మీద మరక పడేది. కార్డు ధర గమ్ ధరను మించిపోయాక కొనేవాళ్ళకు గమ్ శత్రువైంది. 1992 నుంచి టాప్స్ ప్రధాన సెట్టులో గమ్ తీసేశారు. మన బిగ్ ఫన్ గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి గుర్తుందా? మా తమ్ముడు గమ్ నమిలేవాడు, బొమ్మలు నాకిచ్చేవాడు. ఆ ఏర్పాటులో ఎవరికీ నష్టం లేదు.

*అన్నయ్యగారూ, హెరిటేజ్ సెట్టు పూర్తిచేయాలని మూడేళ్ళుగా ప్రయత్నం. మొదటి 400 కార్డులు వచ్చేశాయి. 401 నుంచి 500 వరకు ఉన్నవాటిలో 38 మాత్రమే ఉన్నాయి. బాక్సులు కొంటూనే ఉన్నాను. ఇంకెన్ని కొనాలి?*
— ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, బ్రిడ్జ్‌వాటర్, న్యూజెర్సీ

ఒక్కటి కూడా కొనకండి.

మీరు చెప్పే ఆ చివరి నూరు షార్ట్ ప్రింట్లు. కావాలని తక్కువగా అచ్చువేసినవి. పూర్వం కార్డులు విడతలవారీగా వచ్చేవి. సీజను చివర్లో వచ్చే విడత తక్కువగా అచ్చయ్యేది. మాంటిల్ దగ్గర చెప్పింది అలాంటి చివరి విడత గురించే. హెరిటేజ్‌లో ఆ కొరతను కూడా నకలు చేశారు. 2001 సెట్టులో అయితే 311 నుంచి 407 దాకా, అంటే 1952 చివరి విడత నంబర్లే. అప్పుడు అది వ్యాపారంలో జరిగిన పొరపాటు. ఇప్పుడు అదే వ్యాపారం.

మీరు ఇంజనీరు కాబట్టి లెక్క వేద్దాం. ఈ షార్ట్ ప్రింట్లు సగటున మూడు ప్యాకెట్లకు ఒకటి వస్తాయనుకుందాం. 24 ప్యాకెట్ల బాక్సులో ఎనిమిది. ఒక్కటి కూడా రెండోసారి రాకపోతే నూరింటికి పన్నెండున్నర బాక్సులు. కానీ వచ్చింది మళ్ళీ వస్తుంది. ఏది వస్తుందో తెలియని నూరు రకాల్లో అన్నీ ఒక్కొక్కటైనా చేతికి రావాలంటే సగటున 519 తీయాలి. అంటే 65 బాక్సులు. అందులో 99 చేతిలో ఉండి చివరి ఒక్కటి కోసమే సగటున పన్నెండున్నర బాక్సులు. మీకు లేనివి 62. వాటికి సగటున 471 షార్ట్ ప్రింట్లు తీయాలి, అంటే దాదాపు 59 బాక్సులు. మొదటి 38 వచ్చాయి గదా, మూడో వంతు దాటేశాననుకుంటున్నారు. దారిలో పదో వంతు కూడా నడవలేదు.

కాబట్టి ఆ 62 నంబర్లు కాగితం మీద రాసుకుని, విడి కార్డులు అమ్మేవాళ్ళ దగ్గర కొనండి. పెద్ద పేరున్న ఆటగాళ్ళను మినహాయిస్తే షార్ట్ ప్రింట్ల ధర భయపెట్టేంత ఉండదు. మీ దగ్గర రెండేసి ఉన్నవాటిని మార్పిడికి పెట్టండి. నా జేబులో ఎప్పుడూ అలాంటి చీటీ ఉంటుంది. ఒకసారి చాకలి మెషిన్‌లో పడి గుజ్జయితే, మా ఆవిడ "నీ ఆస్తిపత్రం పోయింది" అంది.

బాక్సుల గురించి ఇంకో మాట. ఒకసారి కార్డుల సంతలో ఒక వ్యాపారి దగ్గర పాత ఏటి హెరిటేజ్ బాక్సు, మూత విప్పనిది అంటే కొన్నాను. ఇంటికి వచ్చి తెరిస్తే అన్నీ మామూలు కార్డులే. ఆటగాడి సంతకం ఉన్నది ఒక్కటి లేదు, తళతళలాడే క్రోమ్ కార్డు ఒక్కటి లేదు. అప్పుడు చెత్తబుట్టలోంచి పైన చుట్టిన ప్లాస్టిక్ కాగితం తీసి చూశాను. అతుకు బాక్సు అడుగున మధ్యలో ఉండాల్సింది, పక్కన వంకరగా ఉంది. కాగితం మీద సంస్థ గుర్తు లేదు. ఎవరో విప్పి, మంచివి ఏరుకుని, మళ్ళీ చుట్టారు. ఇరవై రెండేళ్ళు పెట్టెలు అచ్చువేసి, మడిచి, అతికించిన చోట పనిచేసినవాడిని! సంతలో ఆ బాక్సును చేత్తో పట్టుకుని కూడా అడుగు తిప్పి చూడలేదు. ఆ రోజు నుంచి అందరికీ చెబుతున్నాను: అడుగు చూడండి.

*నా 2020 సెట్టు నల్ల అంచులు తెల్లబడుతున్నాయి. నా చేతి చెమట వల్లే అంటున్నారు మావారు. నిజమా?*
— ఒక పాఠకురాలు, అట్లాంటా

మీవారిది నిందే. 2020 సెట్టు 1971 నమూనా. నల్ల అంచు దాని అందం, దాని ఖర్మ కూడా. నల్లసిరా అట్ట పైపొర మీదే ఉంటుంది, లోపల అట్ట తెల్లన. కత్తిరించే బ్లేడు పదును కొంచెం తగ్గినా అంచున సిరా లేచిపోతుంది. కొన్ని కార్డులు ప్యాకెట్టులోంచే అలా వస్తాయి. 1971 అసలు కార్డుల్లో అంచు చెక్కు చెదరనిది దొరకడం అందుకే కష్టం. నేను ఆ సెట్టును 2020 మార్చిలో, అందరం ఇళ్ళలో తలుపులు వేసుకుని కూర్చున్న రోజుల్లో, భోజనాల బల్ల మీద తెరిచాను. దులిపితే బల్ల మీద మిరియాల పొడిలా నల్లటి నలుసులు పడ్డాయి.

మెత్తటి ప్లాస్టిక్ తొడుగు ఒక్కో కార్డుకు వేయండి. పాతకాలం ఆల్బంల జిగటగా ఉండే వినైల్ పేజీలు వద్దు, రబ్బరు బ్యాండు అసలే వద్దు. తెల్లబడిన చోట నల్ల పెన్నుతో దిద్దాలని మాత్రం చూడకండి. ఒకసారి దిద్దితే ఆ కార్డుకు ఇక ఏ విలువా ఉండదు, పైగా అమ్మితే మోసం.

*మేం రిచ్‌మండ్‌లో ఉంటాం. అలెన్ అండ్ గింటర్ అనే కార్డుల బాక్సు బహుమతిగా వచ్చింది. బేస్‌బాల్ కార్డులనుకున్నాను. లోపల హాట్‌డాగ్‌లు తినే పోటీలో గెలిచినవాడి కార్డు కూడా ఉంది! ఇదేం తమాషా? అగ్గిపెట్టె సైజు చిన్న కార్డులు కూడా ఎందుకున్నాయి?*
— ఒక ఉపాధ్యాయురాలు, వర్జీనియా

ఆ తమాషాకు పుట్టిల్లు మీ ఊరేనమ్మా. అలెన్ అండ్ గింటర్ రిచ్‌మండ్ సిగరెట్ల కంపెనీ. అప్పటి సిగరెట్టు ప్యాకెట్టు పల్చటి కాగితం. జేబులో నలిగి లోపలి సిగరెట్లు విరిగిపోకుండా ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. ఉత్త అట్ట ఎందుకని దాని మీద బొమ్మ వేశారు. ప్యాకెట్టు ఎంతో కార్డు అంత, అందుకే అంత చిన్నది. 1887లో ప్రపంచ విజేతలు అని 50 కార్డుల సెట్టు వేశారు. అందులో బేస్‌బాల్ ఆటగాళ్ళు పదిమందే. మిగిలినవాళ్ళు కుస్తీ పట్టేవాళ్ళు, పడవలు నడిపేవాళ్ళు, బాక్సింగ్ వీరుడు జాన్ ఎల్. సలివన్, తుపాకి గురి తప్పని ఆనీ ఓక్లీ, బఫెలో బిల్. 1890లో కంపెనీ అమెరికన్ టొబాకో కంపెనీలో కలిసిపోయింది.

టాప్స్ ఆ పేరునూ రూపాన్నీ 2006లో తిరిగి తెచ్చింది. పాతదానిలో పడవ నడిపేవాడికి చోటుంటే కొత్తదానిలో తిండిపోటీ విజేతకు ఎందుకు ఉండకూడదు? మొదటి ఏడే జపాన్ యువకుడు తకేరు కొబయాషికి కార్డు వేశారు. సంప్రదాయం తప్పారని కోప్పడ్డవాళ్ళకు సంప్రదాయం తెలియదన్నమాట.

నాకు హెరిటేజ్ కన్నా దీని మీద మక్కువ ఎక్కువ, కారణం అచ్చే. 1887 నాటివి రాతి అచ్చు. సున్నపురాయి పలక మీద జిడ్డు సిరాతో బొమ్మ వేసి, ఒక్కో రంగుకు ఒక్కో రాయి. బుగ్గ మీది ఎరుపు నీడ కోసం మనిషి చేత్తో ఒక్కొక్క చుక్కే పెట్టాడు. లూపులో చూస్తే ఆ చుక్కలు వరసలో ఉండవు. ఒకచోట చిక్కగా, ఒకచోట చెయ్యి అలసినట్టు పల్చగా. మీ కొత్త కార్డును చూడండి. చుక్కలు నాలుగు రంగుల్లో పూలరేకుల్లా గుండ్రంగా, బుద్ధిగా కూర్చుంటాయి. అది కెమెరా, కంప్యూటర్ చేసిన పని. పైకి చూడటానికి రెండూ ఒకేలా మీగడరంగు కాగితం మీద నీటిరంగు బొమ్మల్లా ఉంటాయి. ఎవరైనా అసలు 1887 కార్డని అమ్మబోతే లూపు పెట్టండి. చీకట్లో అతినీలలోహిత దీపం కూడా వేయండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు వాడుకలోకి వచ్చింది 1940ల తర్వాత. అందువల్ల నీలంగా వెలిగిందంటే ఆ కార్డు 1887 మొహం చూసి ఉండదు.

*మనవాళ్ళెవరైనా ఈ కార్డుల మీద ఉన్నారా?*
— ఒక పాఠకుడు, ఆస్టిన్

కుమార్ రాకర్ అని టెక్సస్ రేంజర్స్ పిచ్చర్. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు, తల్లి లలిత తల్లిదండ్రులు భారతదేశం నుంచి వచ్చినవారు. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున డ్యూక్ మీద ఒక్క హిట్టు కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు, అంటే బంతిని కొట్టలేక వెనుదిరిగేలా చేశాడు. 2024 సెప్టెంబరులో పెద్ద లీగులో మొదటి మ్యాచ్ ఆడాడు, రూకీ కార్డులు, అంటే కొత్త ఆటగాడిగా వేసే మొదటి కార్డులు, 2025లో వచ్చాయి. మీ ఊరికి మూడు గంటల దూరంలోనే ఉంది ఆయన మైదానం.

*తాతగారూ, నేను ఏడో తరగతి. మా అమ్మ చేత ఈ ఉత్తరం దిద్దించాను. నాకు 2024 హెరిటేజ్ ప్యాకెట్టులో నల్ల అంచు క్రోమ్ కార్డు వచ్చింది. వెనక 75లో 31 అని ఉంది. ఆటగాడు అంత పేరున్నవాడు కాదు. మా స్కూల్లో ఒకడు వాళ్ళ నాన్న చిన్నప్పటి 1975 రాబిన్ యౌంట్ కార్డు ఇస్తానంటున్నాడు. కానీ దానికి మధ్యలో ఒక మడత ఉంది. మార్చుకోవచ్చా?*
— ఒక విద్యార్థి, ఎడిసన్, న్యూజెర్సీ

ఉత్తరం బాగా రాశావు నాయనా. "మడత" అనే మాట నీకు తెలిసినందుకు మీ అమ్మకు నా మెచ్చుకోలు చెప్పు.

నీ కార్డు 75 మాత్రమే అచ్చువేశారు. 75 ఎందుకంటే అది 1975 నమూనా కాబట్టి. తక్కువ ఉన్నాయి కాబట్టి విలువ ఉంటుందనుకుంటాం. కానీ అంత తక్కువగా అచ్చువేయాలని ముందే నిర్ణయించి వేశారు. ఆ యౌంట్ కార్డు 223వ నంబరు. అతను మిల్వాకీ జట్టులో చేరి మొదటి మ్యాచ్ ఆడినప్పుడు పద్ధెనిమిదేళ్ళవాడు, నీకన్నా ఆరేళ్ళు పెద్దేమో. అది అతని రూకీ కార్డు. తర్వాత 3,142 హిట్లు కొట్టి, 1999లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు, అంటే బేస్‌బాల్ మహామహుల జాబితాకు, వెళ్ళాడు. మడత ఉంటే ధర బాగా తగ్గుతుంది, నిజమే. అయినా ఒక పిల్లవాడు జేబులో పెట్టుకుని సైకిలు తొక్కితేనే కదా ఆ మడత పడేది.

నేనైతే మార్చుకుంటాను. కానీ ఆ కార్డు నీ స్నేహితుడిది కాదు, వాళ్ళ నాన్నది. ముందు ఆయనను అడగమను. ఆయన సరేనంటే, ఇద్దరూ కూర్చుని రెండు కార్డుల ధర ఈ మధ్య ఎంత పలికిందో చూసి, అప్పుడు చేతులు మార్చండి. ఆయన కుదరదంటే మనసులో పెట్టుకోకు. మడత పడ్డ యౌంట్లు ఇంకా బోలెడు ఉన్నాయి, నా దగ్గరే రెండున్నాయి. ఒకటి నీకు ఇస్తాను. నీ దగ్గర ఎక్కువగా ఉన్న 2024 మామూలు కార్డులు పది పట్టుకుని, మీ అమ్మను తోడు తీసుకుని, వచ్చే నెల గుడిలో సత్యనారాయణ వ్రతం రోజున రా. నేను ప్రసాదం వరసలో చివర ఉంటాను. జేబులో లూపు ఉన్న ముసలాయన ఎవరని అడిగితే ఎవరైనా చూపిస్తారు.